హైదరాబాద్‌లో ఒక్కపూట తినాలంటే: ఏ టైముకి, ఏ ఏరియాకి, ఎవరితో

సండే చుట్టాలొస్తున్నారు, చేతిలో ఒక్కపూటే ఉంది, తినడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగి చూడండి, ఒకరు బావర్చీ అంటారు, ఒకరు షాదాబ్ అంటారు, సికింద్రాబాద్ వాళ్లయితే ప్యారడైజ్ తప్ప ఇంకో పేరు ఒప్పుకోరు, టోలిచౌకి కుర్రాళ్లు షా గౌస్ దగ్గరే ఆగిపోతారు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పట్లేదు. కానీ అందరూ హోటల్ పేరుతో మొదలుపెడుతున్నారు, నా లెక్కలో అది చివర్లో తేలాల్సిన సంగతి. ఈ ఊళ్లో తిండికి టైముంది. తెల్లారి దొరికే నహారీ అనే మాంసం పులుసు పది దాటితే అడుగంటుతుంది, మధ్యాహ్నం దేగ్ (పెద్ద వంటపాత్ర) తీసినప్పటి బిర్యానీ సాయంత్రం ఐదింటికి అదే బిర్యానీ కాదు, హలీమ్ అసలు రుచి రంజాన్ సాయంత్రాల్లోనే, పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం వడ్డించే మండీ రాత్రి వ్యవహారం. ముందు మీకు ఏ టైము ఖాళీగా ఉందో చూసుకోండి, తర్వాత పక్కన ఎవరుంటారో చూడండి, ఆ తర్వాత దారి, అప్పుడు హోటల్ పేరు దానంతటదే తేలుతుంది.

2019లో యునెస్కో వాళ్లు హైదరాబాద్‌ని భోజన కళల నగరాల లిస్టులో పెట్టాక బయటి నుంచి వచ్చేవాళ్లు ఇంకా పెరిగారు, అందరూ ఒక్క బిర్యానీ తిని వెళ్లిపోతుంటే బాధగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం టైము. హైదరాబాదీ కచ్చీ బిర్యానీ ఎలా చేస్తారో తెలిస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది. పచ్చి మాంసాన్ని పెరుగు, అల్లం వెల్లుల్లి, మసాలాల్లో నానబెట్టి దేగ్ అడుగున పరుస్తారు, దానిమీద సగం ఉడికిన బియ్యం పోస్తారు, మూత చుట్టూ గోధుమపిండి అంటించి ఆవిరి బయటకు పోకుండా దమ్ మీద పెడతారు. కింద మాంసం, పైన అన్నం రెండూ ఒకేసారి అందుకోవాలి. అంటే ఇది మీరు ఆర్డర్ ఇచ్చాక వండేది కాదు, ఒక దేగ్ దించితే అది అయిపోయేదాకా అందులోంచే వడ్డిస్తారు. జనం ఎక్కువున్న టైములో దేగ్ వెంట దేగ్ లేస్తుంది కాబట్టి మీ ప్లేట్‌లోకి వేడిది వస్తుంది, జనం లేని టైముకి వెళ్తే కూర్చోడానికి చోటు దొరుకుతుంది గానీ అన్నం ఎండిపోయి ఉంటుంది. రద్దీ అంటే భయపడి నాలుగింటికి వెళ్లేవాళ్లు ఎక్కువ, బిర్యానీ విషయంలో అది నష్టం బేరం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు లోపు, లేదా రాత్రి ఏడున్నర తర్వాత వెళ్లండి.

రెండోది మీతో వచ్చేవాళ్లు. మన ఇళ్లలో శనివారం నీచు ముట్టని వాళ్లుంటారు, కార్తీకమాసం మొత్తం మానేసే వాళ్లుంటారు, పూర్తి వెజ్ వాళ్లుంటారు, కారం తినలేని పిల్లలుంటారు. వెజ్ మామయ్యని బిర్యానీ హోటల్‌కి తీసుకెళ్లి పనీర్ బిర్యానీ పెట్టించడం ఆయనకి మర్యాద చేసినట్టు కాదు. అలాంటి గుంపుకి వేరే ఏరియానే ఎంచుకోవాలి, అది కింద చెప్తా.

దారి సంగతి ఉన్నవాళ్లకి తెలుసు. గచ్చిబౌలి నుంచి సాయంత్రం ఆరింటికి కారులో చార్మినార్ బయల్దేరితే ఆకలి చచ్చిపోయాక చేరతారు. మెట్రో చార్మినార్ దాకా లేదు, ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాలి, అయినా కారు కంటే ఇదే నయం. ఇక డబ్బులంటారా, ఈ ఊళ్లో గొప్ప తిండి చాలావరకు ఖరీదు తక్కువ చోటే ఉంది, ఎక్కువ పెట్టేది కుర్చీకి, ఏసీకి, పార్కింగ్‌కి.

| ఏరియా | ఏ టైముకి | ఏం తినాలి | ఎవరికి బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| చార్మినార్, శాలిబండ | తెల్లారి, మధ్యాహ్నం, లేదా రంజాన్ రాత్రి | నహారీ, పాయా (కాళ్ల పులుసు), చాయ్, మటన్ బిర్యానీ | మొదటిసారి వచ్చినవాళ్లు, నడవగలిగేవాళ్లు | పార్కింగ్, రద్దీ |
| నాంపల్లి, మోజంజాహి మార్కెట్, కోఠి | తెల్లవారుజాము, సాయంత్రం | దోశ, బిస్కెట్లు, చాట్, ఐస్‌క్రీమ్ | వెజ్, నాన్‌వెజ్ కలిసిన గుంపు | కూర్చుని తినే చోట్లు తక్కువ |
| ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, హిమాయత్‌నగర్ | మధ్యాహ్నం | దమ్ బిర్యానీ | బిర్యానీ ఒక్కటే కావాలనేవాళ్లు | వెయిటింగ్ |
| సికింద్రాబాద్ | ఎప్పుడైనా | కారం తక్కువ బిర్యానీ, చాయ్ | రైలుకి రైలుకి మధ్య టైమున్నవాళ్లు, పెద్దవాళ్లు | కొత్తదనం తక్కువ |
| టోలిచౌకి, బార్కస్ | రాత్రి | మండీ, మసాలా బిర్యానీ | కుర్రాళ్ల గ్యాంగులు | వెజ్‌కి దాదాపు ఏమీ లేదు |
| జూబ్లీహిల్స్, మాదాపూర్, కూకట్‌పల్లి | మధ్యాహ్నం, రాత్రి | తెలంగాణ, రాయలసీమ, ఆంధ్ర భోజనం | కుటుంబాలు, ఐటీ వాళ్లు | బిల్లు |

ఓల్డ్ సిటీ: తెల్లారే వెళ్లండి

చాలామంది చార్మినార్‌కి సాయంత్రం వెళ్తారు, లైట్లు బాగుంటాయి, గాజులు కొనొచ్చు, అదంతా నిజమే, కానీ తిండి కోసమైతే పొద్దున ఆరున్నర ఏడింటికి వెళ్లండి. రోడ్లు ఖాళీ, బండి ఎక్కడ పెట్టాలా అన్న బాధ ఉండదు, చార్మినార్ చుట్టూ ప్రశాంతంగా నడవొచ్చు. 1591 నాటి కట్టడం ముందు నిలబడి వేడి చాయ్ తాగే చోటు ప్రపంచంలో ఇంకెక్కడ ఉంది చెప్పండి. మక్కా మసీదు పక్కనే ఉన్న నిమ్రా కేఫ్ 1993 నుంచి ఉంది, చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు, టై బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు అక్కడే భట్టీలోంచి వస్తుంటాయి, వేడిది అడిగి తీసుకోండి.

నహారీ తినని వాళ్లు దీన్ని తప్పకుండా తినాలి. మాంసం, ఎముకలు, నాలుక, కాళ్లు రాత్రంతా సన్నటి సెగమీద ఉడికిన పులుసు ఇది, బొమికల్లోని సారమంతా దిగి చేతికి జిగురుగా అంటుతుంది, పక్కన కుల్చా గానీ నాన్ గానీ ముంచుకుని తింటారు. మాంసం ముక్కలుగా వద్దనుకుంటే పాయా అడగండి. నాన్ విషయానికొస్తే పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851 నుంచి చేస్తున్నారు, నాలుగు మూలల చార్‌కోనీ నాన్, తందూర్ గోడకి కొట్టి కాలుస్తారు, దాన్ని కొనుక్కుని ఇంట్లో మటన్ కూరతో తిన్నా అద్భుతంగా ఉంటుంది. ఓల్డ్ సిటీ వాళ్ల ఇంకో పొద్దుటి తిండి ఖిచిడీ, ఖీమా, ఖట్టా. పప్పు కలిపిన పసుపు అన్నం, వేపుడులాంటి ఖీమా, నువ్వులూ చింతపండుతో చేసే పుల్లటి ఖట్టా, మూడూ కలిపి తినాలి, విడివిడిగా తింటే ఏమీ అర్థం కాదు. బిర్యానీ కంటే కడుపుకి ఎంతో తేలిక, ఎందుకో బయటివాళ్లకి దీని గురించి ఎవరూ చెప్పరు.

వెజ్ వాళ్లు మీతో ఉంటే గుల్జార్ హౌజ్ వైపు గోవింద్ బండి దగ్గరికి నడవండి, వెన్న దోశ, తవా ఇడ్లీ, కారప్పొడి చల్లి ఇస్తాడు, నిలబడే తినాలి.

మధ్యాహ్నానికి ఓల్డ్ సిటీ అంటే మదీనా దగ్గర, ఘాన్సీ బజార్‌లో షాదాబ్. కింద హాల్ ఎప్పుడూ కిటకిట, కుటుంబంతో వెళ్తే పైన ఏసీ హాల్‌కి వెళ్లండి. ఇక్కడ చికెన్ బిర్యానీ అడగొద్దనే చెప్తా, షాదాబ్‌కి వెళ్లి మటన్ తినకపోతే అంత దూరం వెళ్లడం దండగ. తర్వాత ఖుబానీ కా మీఠా, ఎండు ఆప్రికాట్లని ఉడికించి చేసేది, పైన మీగడ వేస్తారు.

కాళ్లనొప్పులున్న పెద్దవాళ్లని సాయంత్రం పూట ఈ ఏరియాకి తీసుకెళ్లకండి. చార్మినార్ చుట్టూ బండ్లు పోనివ్వరు, ఎక్కడో ఆపుకుని జనంలో నడవాలి, వాళ్లకి తిండి మీద ఉన్న ఆశ దారిలోనే పోతుంది.

రంజాన్ నెల మాత్రం ఈ లెక్కకి బయట. అప్పుడు రాత్రే వెళ్లాలి. హలీమ్ కోసం భట్టీలు కట్టి, గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడికిస్తూ పెద్ద కర్ర రోకళ్లతో ఇద్దరు ముగ్గురు కలిసి దంచుతూనే ఉంటారు, మాంసం పీచు, గోధుమ విడదీయలేనట్టు కలిసిపోయేదాకా. పైన వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి అది మొదటిసారి. శాలిబండలో పిస్తా హౌస్, షా గౌస్ రెండూ దగ్గర్లోనే ఉన్నాయి, గుంపుగా వెళ్తే రెండుచోట్లా ఒక్కో ప్లేట్ తీసుకుని పంచుకోండి, ఏది గొప్పో మీరే తేల్చుకోండి. పిస్తా హౌస్‌ది నాకు మెత్తగా, నెయ్యి ముందుకొచ్చినట్టు అనిపిస్తుంది, షా గౌస్‌ది మసాలా ఘాటు కాస్త ఎక్కువ. ఏడాదంతా దొరికే హలీమ్ కూడా కొన్నిచోట్ల ఉంది, తినొచ్చు, కానీ రంజాన్‌లో తిన్నదానికి అది సాటి రాదు.

క్రాస్‌రోడ్స్ బావర్చీ, హిమాయత్‌నగర్ బహార్: బిర్యానీ ఒక్కటే చాలనుకుంటే

ముందో జాగ్రత్త. బావర్చీ అన్న పేరుతో ఊరంతా బోర్డులున్నాయి, ముందో వెనకో ఇంకో మాట తగిలించి ఉంటుంది, వాటికీ క్రాస్‌రోడ్స్‌లో ఉన్న దానికీ సంబంధం లేదు. అసలుది సంధ్య, సుదర్శన్ థియేటర్లున్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోది, తమకి బ్రాంచీలు లేవని వాళ్లే చెప్తారు. మెట్రో గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్ దిగితే నడిచి వెళ్లిపోవచ్చు, అందుకే బండి వద్దు.

బావర్చీలో సర్వీస్ చకచకా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ కూర్చునే చోటు కాదు, మీ వెనకాల ఇంకో కుటుంబం మీ కుర్చీ కోసం చూస్తూ ఉంటుంది. దానికి సిద్ధపడి వెళ్తే బాధ ఉండదు. బిర్యానీ క్వాంటిటీ ఎక్కువ, మామూలుగా తినే ఇద్దరికి ఒక ప్లేట్ సరిపోతుంది, ముందే మనిషికొకటి చెప్పేసి తర్వాత పార్సిల్ కట్టించుకోవద్దు, చల్లారిన బిర్యానీని మైక్రోవేవ్‌లో పెడితే అన్నం గట్టిపడుతుంది. ఒకటి చెప్పండి, చాలకపోతే ఇంకోటి చెప్పండి.

ఒక చిన్న విషయం, అన్ని బిర్యానీ హోటళ్లకీ పనికొస్తుంది. దేగ్‌లో మసాలా అంతా అడుగున ఉంటుంది, పైది తెల్లన్నం, కుంకుమపువ్వు రంగన్నం. ప్లేట్‌లో ఉత్త అన్నమే వచ్చిందనిపిస్తే, కింద నుంచి మసాలా వేయమని మర్యాదగా అడగండి, వేస్తారు. పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్ (మిరపకాయల పులుసు) అన్నం మీద పోసేసుకుని మొత్తం కలిపేయకండి, మొదటి నాలుగు ముద్దలు ఏమీ లేకుండా తినండి, బిర్యానీ సంగతి అక్కడే తెలిసిపోతుంది.

కేఫ్ బహార్ 1973 నుంచి ఉంది, బషీర్‌బాగ్ నుంచి హిమాయత్‌నగర్ వెళ్లే వైపు. ఇక్కడి బిర్యానీలో మసాలా బావర్చీ అంత గట్టిగా కొట్టదు, అన్నం మాత్రం బాగా విడివిడిగా వస్తుంది. సాయంత్రం చాయ్, ఖీమా సమోసాకి కూడా ఇది మంచి చోటు. నన్నడిగితే ఇద్దరే వెళ్తే బహార్, నలుగురైదుగురు ఆకలి మీద వెళ్తే బావర్చీ.

సికింద్రాబాద్: ప్యారడైజ్ మీద అంత కోపం వద్దు

ఈ మధ్య ప్యారడైజ్ బాగోదనడం అలవాటైపోయింది, నేను దీంతో ఒప్పుకోను. 1953లో ప్యారడైజ్ టాకీస్ దగ్గర చిన్న కేఫ్‌లా మొదలై ఇప్పుడు వేరే ఊళ్లలో కూడా బ్రాంచీలున్న సంస్థ అయ్యింది, అన్ని బ్రాంచీల్లో ఒకే రుచి రావాలంటే ఘాటు తగ్గించక తప్పదు. ఓల్డ్ సిటీ మసాలా అలవాటైన నోటికి ఇది చప్పగా ఉంటుంది, నిజమే. కానీ చిన్నపిల్లలు, బీపీ, అల్సర్ ఉన్న పెద్దవాళ్లు, ఎప్పుడూ కారం తినని ఉత్తరాది స్నేహితులు, వీళ్లతో వెళ్లేటప్పుడు ఆ తేలికతనమే కావాలి. కూర్చోడానికి సరిపడా చోటుంది, చేతులు కడుక్కునే చోటు, టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇది చిన్న విషయం కాదు. పక్కనే ప్యారడైజ్ మెట్రో స్టేషన్.

రైలుకి రైలుకి మధ్య రెండు గంటలే ఉన్నాయంటే స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా హోటల్ ఉంది, చాయ్, బిస్కెట్, ఆకలుంటే బిర్యానీ. సామాన్లతో ఇంకెక్కడికో వెళ్లొద్దు. వెజ్ అయితే సింధీ కాలనీలో సాయంత్రం చాట్ బండ్లు.

టోలిచౌకి, బార్కస్: రాత్రి ఆకలికి

మండీ అంటే పెద్ద పళ్లెం నిండా అన్నం, పైన మెత్తగా ఉడికిన మాంసం, నలుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు, చాలాచోట్ల కింద పరుపుల మీద కూర్చోబెడతారు. నిజాం సైన్యంలోకి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బుల కుటుంబాలు బార్కస్‌లో స్థిరపడ్డాయి, అలా ఆ ఏరియా మండీకి పేరుపడింది. తర్వాత టోలిచౌకి, అక్కడి నుంచి ఊరంతా పాకింది. బిర్యానీలా మసాలా ఉండదు, మాంసం రుచి మీద ఆధారపడ్డ తిండి, పక్కన టమాటా చట్నీ, మయోనైజ్ ఇస్తారు. మోకాళ్లు వంగని వాళ్లుంటే టేబుల్ కావాలని ముందే అడగండి. ఒకే పళ్లెంలో తినడం ఇబ్బందిగా ఉండే చుట్టాలైతే మండీ మాటే ఎత్తకండి, మొహమాటంతో సగం కడుపే నింపుకుంటారు.

బార్కస్ దాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకి హరీస్ కూడా దొరుకుతుంది. హలీమ్‌కి పెద్దన్నయ్య లాంటిది, గోధుమ, మాంసం తప్ప పెద్ద మసాలా లేదు, ఉప్పుది ఉంటుంది, తీపిది కూడా ఉంటుంది.

టోలిచౌకిలో షా గౌస్ బిర్యానీ కారంగా, నూనెగా, గట్టిగా ఉంటుంది, కుర్రాళ్లకి నచ్చేది అందుకే. అర్ధరాత్రి మెట్రో ఉండదు కాబట్టి తిరిగొచ్చే దారి ముందే చూసుకోండి.

మోజంజాహి మార్కెట్ చుట్టూ: అందరూ కలిసి వెళ్లే గుంపుకి

ఇంట్లో సగం మంది వెజ్, సగం మంది నాన్‌వెజ్, పిల్లలకి ఐస్‌క్రీమ్ కావాలి, అత్తయ్యకి స్వీటు కొనాలి, మామయ్యకి చాయ్ పడాలి, ఇలాంటి గుంపుని ఏ ఒక్క హోటల్‌లో కూర్చోబెట్టినా ఎవరో ఒకరు అలుగుతారు. వీళ్లకి నేను ఒకే దారి చెప్తా. సాయంత్రం ఐదింటికి రెడ్ లైన్‌లో నాంపల్లి స్టేషన్ దిగండి. సుభాన్ బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు, ముహర్రం రోజులైతే దమ్ కే రోట్ (తీపి బిస్కెట్ లాంటిది). అక్కడి నుంచి మోజంజాహి మార్కెట్, 1935లో కట్టిన రాతి కట్టడం, గడియారం గోపురం ఉంటుంది, ఈ మధ్య బాగు చేశాక సాయంత్రం లైట్లలో చాలా అందంగా ఉంది. లోపల ఫేమస్ ఐస్‌క్రీమ్, చేత్తో చేసిన పండ్ల ఐస్‌క్రీములు, సీజన్ బట్టి సీతాఫలం, మామిడి, సపోటా, పెద్ద పెద్ద స్కూపులు. ఆవరణలోనే కుర్చీలు వేస్తారు, పెద్దవాళ్లు కూర్చోవచ్చు, పిల్లలు పరిగెత్తొచ్చు. మార్కెట్ దగ్గర్లోనే కరాచీ బేకరీ, 1953 నాటిది, ఫ్రూట్ బిస్కెట్లు అక్కడే తీసుకోండి. ఓపికుంటే కోఠి దాకా వెళ్లి గోకుల్ చాట్‌లో కట్‌లెట్, పానీపూరీ.

చాయ్‌కి లక్డీకాపూల్ వైపు కేఫ్ నీలోఫర్, 1978 నుంచి. ఇరానీ చాయ్ చేసే పద్ధతి వేరు, డికాక్షన్‌ని మూసిన పాత్రలో విడిగా మరిగిస్తారు, పాలు చిక్కబడేదాకా ఇంకో పక్క మరుగుతాయి, కప్పులో రెండూ కలుపుతారు. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అడగండి.

ఇదే ఏరియాలో తెల్లవారుజామున రామ్ కీ బండి, దోశ మీద వెన్న, చీజ్, ఉప్మా వేసి చేస్తారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు, పొద్దున్నే బస్సు దిగినవాళ్లు ఇక్కడికి వెళ్లండి, ఎనిమిదింటికి వస్తే బండి సర్దేస్తుంటారు.

జూబ్లీహిల్స్ నుంచి కూకట్‌పల్లి దాకా: మన భోజనం

హైదరాబాద్ వచ్చి బిర్యానీ తిని వెళ్లే చుట్టాలకి తెలంగాణ భోజనం పెట్టకపోవడం పెద్ద లోటు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, బగారా అన్నంతో గోలిచ్చిన మాంసం, పచ్చిపులుసు, సర్వపిండి, బోటీ, తలకాయ కూర, ఇవన్నీ ఈ నేల తిండి. జూబ్లీహిల్స్‌లో తెలంగాణ స్పైస్ కిచెన్ లాంటి చోట్ల కుదురుగా కూర్చుని తినొచ్చు, బిల్లు కాస్త బరువే. తక్కువలో కావాలంటే సాయంత్రాలు చాలా కాలనీల్లో రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి అమ్ముతారు, రొట్టె అక్కడ తీసుకుని కూర కర్రీ పాయింట్‌లో కట్టించుకోండి, షుగర్ ఉన్నవాళ్లకి కూడా ఇది మేలు.

రాయలసీమ వైపు మనసుంటే రాయలసీమ రుచులు, కృతుంగ హోటళ్లు, అక్కడ రాగిసంగటి, నాటుకోడి. ఆంధ్ర భోజనం అయితే కాకినాడ నుంచి వచ్చిన సుబ్బయ్య గారి హోటల్, కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో ఉంది, కొసరి కొసరి వడ్డిస్తారు, పొడులు, పచ్చళ్లు, నెయ్యి, పప్పు, స్వీట్లు, పూర్తి వెజ్. దానికి వెళ్లే రోజు పొద్దున టిఫిన్ మానేయండి, నిజంగానే చెప్తున్నా, మధ్యలో ఆపేస్తే వడ్డించేవాళ్లకి కూడా నచ్చదు. టిఫిన్ కోసమైతే బంజారాహిల్స్ నాగార్జున సర్కిల్ చట్నీస్, బాబాయ్ ఇడ్లీ, స్టీమ్ దోశ, నాలుగైదు రకాల చట్నీలు, పిల్లలకి వేరుశనగ చట్నీ తెగ నచ్చుతుంది.

ఐటీ వాళ్లకి గచ్చిబౌలి డీఎల్ఎఫ్ వీధి ఉంది, రాత్రి పొద్దుపోయాక కూడా మ్యాగీ, షవర్మా, దోశ అన్నీ దొరుకుతాయి. ఆకలి తీరుతుంది, స్నేహితులతో బాగుంటుంది, చుట్టాలని మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి.

ఇంకా తేలకపోతే

ఒక్కపూటే ఉంది, మొదటిసారి వచ్చారు, మాంసం తింటారు అంటే తెల్లారి ఓల్డ్ సిటీ, ఇందులో నాకు అనుమానం లేదు. అదే చుట్టాలు బద్ధకంగా పదింటికి లేచేవాళ్లయితే మధ్యాహ్నం బావర్చీ. అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే ప్యారడైజ్ లేదా సుబ్బయ్య గారి హోటల్, వాళ్లకి ఏది సయిస్తుందో మీకే తెలుసు. హాస్టల్ పిల్లలు నెలాఖర్లో ఉంటే నలుగురు కలిసి ఒక మండీ, ఖర్చు నలుగురూ పంచుకోవచ్చు, కడుపు కూడా నిండుతుంది. గచ్చిబౌలిలో ఉంటూ ఓల్డ్ సిటీ దాకా వెళ్లలేనివాళ్లకి షా గౌస్ బ్రాంచీ అక్కడే ఉంది, దాంతో సర్దుకోవచ్చు, మరీ దూరాలు తిరగక్కర్లేదు.

వెజ్ వాళ్లు మాత్రం బిర్యానీ హోటల్‌లో వెజ్ బిర్యానీతో సర్దుకోకండి. ఈ ఊళ్లో మీకు పొద్దున దోశ బండ్లు, మధ్యాహ్నం పూర్తి భోజనం, సాయంత్రం చాట్, రాత్రి ఐస్‌క్రీమ్, రోజంతా నింపే తిండి ఉంది.

ఊరెళ్లేటప్పుడు తీసుకెళ్లేవాటిలో ఫ్రూట్ బిస్కెట్లు ప్యాక్ చేసినవే కాబట్టి వారం ముందైనా కొని పెట్టుకోవచ్చు. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం బయల్దేరే రోజు పొద్దునే కొనండి, భట్టీలోంచి వేడివేడిగా ఇస్తే డబ్బా మూత వెంటనే పెట్టకుండా చల్లారనివ్వండి, లేకపోతే ఆవిరి పట్టి ఊరు చేరేసరికి మెత్తబడిపోతాయి.